మూలవ్యాధి: దాచుకొనరాని జబ్బు

తెలుగున మొలలు, సంస్కృతమున అర్శస్సు, ఉర్దూలో బవాసీర్. ఇన్ని పేర్లున్నను ఈ వ్యాధిని గూర్చి నోరు తెరచి చెప్పుకొనువారు అరుదు. కంటికి కలక వచ్చినచో వీధివారందరికిని చెప్పుదుము. మలద్వారమున నెత్తురు పడినచో ఇంటివారికైనను చెప్పము. మేము వైద్యులము కాము, తెలుగు బోధించువారము. అయినను తెలిసికొన్నంత విషయమును విద్యార్థుల ముందుంచుట మంచిదని తలచితిమి.

మలద్వారమునకు లోపల రక్తనాళములతో నిండిన మెత్తని దిండ్ల వంటివి ప్రతి మనుష్యునకును పుట్టుకతోనే యుండును. మలమును, వాయువును పట్టి నిలుపుటకు అవి తోడ్పడును. మలబద్ధకముచే మాటిమాటికి ముక్కుటవలన, గర్భిణులకు కలుగు ఒత్తిడివలన అవి ఉబ్బి క్రిందికి జారినప్పుడే వానిని మొలలందుము. లోపలి మొలలున్న చోట నొప్పి తెలియదు గనుక, విరేచనమైన పిదప ఎర్రని క్రొత్త నెత్తురు మాత్రమే చుక్కలుగా పడును. ఖూనీ బవాసీర్ అని ఉర్దూలో అనుట దీనినే. మొదటి దశలో మొల వెలికి రాదు. రెండవ దశలో వచ్చి తనంతట లోనికి పోవును. మూడవ దశలో వ్రేలితో నెట్టవలెను. నాలుగవ దశలో నెట్టినను పోదు. వెలుపలి మొలలో నెత్తురు గడ్డకట్టినచో కూర్చుండనీయని నొప్పి పుట్టును. విరేచన సమయమున కత్తితో కోసినట్లున్నచో అది తరచుగా మొల కాదు, ఫిషర్ అను చీలిక.

భయపడవలసినది మొలలకు కాదు, పరీక్ష లేకుండ మనము పెట్టుకొన్న ఆ పేరునకు. పెద్దప్రేగు కాన్సరునందును నెత్తురే పడును. నలుబదియైదేండ్లు దాటినవారికి క్రొత్తగా నెత్తురు కనబడినను, మలము తారువలె నల్లబడినను, విరేచనపు అలవాటు మారినను, కారణము లేక బరువు తగ్గినను వెంటనే వైద్యుని చూడవలెను. చిన్నవారును మొలలేనని తామే నిర్ణయించుకొనరాదు. వ్రేలితోను, ప్రోక్టోస్కోపుతోను చేయు పరీక్ష కొద్ది నిమిషముల పని. ఆ కొద్ది నిమిషముల సిగ్గునకు వెరచి ఏండ్ల తరబడి నెత్తురు పోగొట్టుకొని పాలిపోయినవారు కలరు.

సిగ్గు ఉన్నచోటనే దొంగవైద్యము బలియును. ఒక్క ఇంజెక్షనుతో మాయము చేయుదుమని గోడలమీద వ్రాయువారిని నమ్మి, ఏమందో తెలియక పొడిపించుకొన్నచో పుండ్లు పడి మలమార్గము ఇరుకు కావచ్చును. ఇంజెక్షను చికిత్స శాస్త్రమున లేకపోలేదు. అది చేయువాడు చదివినవాడు కావలెను.

సుశ్రుతుడు ఈ వ్యాధికి ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రము అని నాలుగు ఉపాయములు చెప్పెను. నేటి క్రమమును అట్టిదే: మందు ముందు, కత్తి చివర. చాలమందికి ఆహారము మార్చుట, గోరువెచ్చని నీటి తొట్టిలో పది పదిహేను నిమిషములు కూర్చుండుట చాలును. అది చాలనిచో లోపలి మొల మొదట రబ్బరు పట్టీ బిగింతురు. నెత్తురందక కొన్ని దినములలో అది రాలిపోవును. 1963లో బేరన్ అను వైద్యుడు ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ముదిరిన మొలలకు 1937లో మిల్లిగన్, మోర్గన్ వివరించిన శస్త్రచికిత్స నేటికిని వాడుకలో నున్నది.

రాకుండ చూచుకొనుట మన చేతిలోనిది. పెద్దలకు దినమునకు 25 నుండి 30 గ్రాముల పీచు కావలెను. తోటకూర, జొన్నరొట్టె, పొట్టుతీయని పప్పు, జామకాయ దానిని ఇచ్చును. హాస్టలులోని మైదా పరోటా ఇయ్యదు. ఇసప్‌గోలు మంచిదే, కాని గ్లాసెడు నీటితో మాత్రమే మ్రింగవలెను. మిరపకాయ మొలలను పుట్టించునన్న మాటకు రుజువు లేదు, ఉన్న మంటను పెంచవచ్చును. రమజాను దినములలో ఇఫ్తారునకు, సహరీకి నడుమ నీరు తగినంత త్రాగవలెను. సెల్‌ఫోను చేతబట్టుకొని మరుగుదొడ్డిలో అరగంట కూర్చుండుట మానవలెను.

విరేచనము వచ్చినప్పుడు ఆపుకొనరాదని అందరును చెప్పుదురు. కాని ఆపుకొనుట ఎల్లప్పుడును అలవాటు దోషము కాదు. అనేక కళాశాలలలో విద్యార్థినులు ఉదయమునుండి సాయంకాలమువరకు నీరు త్రాగక, బయటికి పోక ఓర్చుకొనుచున్నారు. గడియలేని తలుపు, నీరురాని కుళాయి దానికి కారణము. కమిటీ పెద్దలు ఈ పుటను చదివినచో, మన కళాశాలలోని ఆ తలుపులను, కుళాయిలను ఒకసారి స్వయముగా చూడవలెనని కోరుచున్నాము.