డిస్కు మొత్తాన్ని ఒక్క ఫైలుగా మార్చిన ఘోస్ట్

హార్డ్ డిస్కు పోయిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేవి ఫొటోలు. మళ్లీ రానివి అవే కాబట్టి ఆ బాధలో న్యాయం ఉంది. అయితే ఫొటోలను పెన్‌డ్రైవ్‌లో జాగ్రత్తగా దాచుకున్నవాళ్లకు కూడా కంప్యూటర్ మళ్లీ దారిలో పడటానికి రోజులు పడుతుంది. విండోస్ వేయాలి. సౌండుకీ వైఫైకీ డ్రైవర్లు వెతకాలి. ప్రింటర్, ట్యాలీ, తెలుగు ఫాంట్లు, కీబోర్డు అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించుకోవాలి. ఈ రెండో కష్టాన్ని కాసేపట్లో తేలిపోయే పనిగా మార్చిన సాఫ్ట్‌వేర్ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో పుట్టింది. దాని పేరు ఘోస్ట్.

1995లో బైనరీ రీసెర్చ్ అనే సంస్థ కోసం ముర్రే హాజర్డ్ దాన్ని తయారుచేశాడు. విండోస్ 95 వచ్చిన ఏడాది అది. ఫ్లాపీల మీద కొన్నవాళ్లు పదమూడు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి ఎక్కించుకునేవారు. ఆఫీసులో నలభై కంప్యూటర్లుంటే ఆ తంతు నలభై సార్లు. ఒకదాన్ని చక్కగా సిద్ధం చేసి, దాని డిస్కును ఉన్నదున్నట్టు మిగతావాటిలోకి దించేస్తే? ఘోస్ట్ చేసింది అదే.

ఫైళ్లన్నీ ఎంచుకుని కాపీ, పేస్ట్ చేస్తే సరిపోదా? సరిపోదు. ఆనాటి డిస్కులో మొట్టమొదటి సెక్టార్ పరిమాణం 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం. తర్వాతి 64 బైట్లు డిస్కును ఎన్ని భాగాలు (పార్టిషన్లు) చేశారు, ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది అని చెప్పే పట్టిక. చివరి రెండు బైట్లు గుర్తింపు ముద్ర. ఈ సెక్టార్ ఏ ఫోల్డర్లోనూ ఉండదు, కాబట్టి కాపీ కొట్టినప్పుడు రాదు. పైగా నడుస్తున్న విండోస్ తన రిజిస్ట్రీ వంటి ఫైళ్లను తెరిచి పట్టుకుని ఉంటుంది, వాటిని తాకనివ్వదు. ఇంట్లో సామానంతా కొత్త ఇంటికి చేర్చి, తాళంచెవి మాత్రం పాత ఇంట్లోనే వదిలేసినట్టు అవుతుంది.

యూనిక్స్‌లో డీడీ అనే ఆదేశం 1970ల నుంచే డిస్కును మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా నకలు తీసేది. కానీ ఖాళీ జాగాను కూడా అది వదలదు. ఘోస్ట్ తెలివి ఇక్కడే ఉంది. ఫైళ్ల పట్టికను చదివి, నిండి ఉన్న భాగాలను మాత్రమే తీసుకుని, కుదించి, ఒక్క ఇమేజ్ ఫైలుగా కట్టేది. పెద్ద డిస్కులోకి దించితే పార్టిషన్‌ను దానికి తగ్గట్టు పెంచేది. విండోస్ అడ్డురాకుండా డాస్ ఫ్లాపీతో బూట్ చేసి నడిపేవారు. మెనూలో ఇమేజ్‌లోకి, ఇమేజ్ నుంచి అనే రెండు దారులుండేవి. ఒకదానికి బదులు మరొకటి నొక్కితే మంచి డిస్కు మీద పాతది వచ్చి కూర్చునేది. అనుభవమున్న టెక్నీషియన్ డిస్కుల సైజులు రెండుసార్లు సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టేవాడు.

1998లో సిమాంటెక్ కంపెనీ ఘోస్ట్‌ను కొని నార్టన్ పేరు తగిలించింది. ఆపై అది ఊరూరా పాకింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ మార్కెట్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసేవాళ్లకూ, నెట్ సెంటర్లు నడిపేవాళ్లకూ ‘ఘోస్ట్ కొట్టడం’ రోజువారీ పని అయిపోయింది. 2013లో సిమాంటెక్ దాన్ని ఆపేసింది. అప్పటికే విండోస్ 7లో సిస్టమ్ ఇమేజ్ తీసే సౌకర్యం వచ్చేసింది. తైవాన్‌లో తయారైన క్లోనజిల్లా ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది, నా ఓటు దానికే. మెనూ కాస్త మొరటుగా ఉంటుంది కానీ పని నమ్మకంగా చేస్తుంది.

డిస్కు ఎందుకు పోతుందో కూడా చూడాలి. 1956లో ఐబీఎం అమెరికాలోని శాన్‌హోసేలో తయారుచేసిన తొలి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. వాటన్నింటిలో పట్టేది 50 లక్షల అక్షరాలు. చదివే హెడ్ పళ్లేనికి దాదాపు 20 మైక్రాన్ల ఎత్తులో తేలేది. నేటి డిస్కుల్లో ఆ ఎత్తు కొన్ని నానోమీటర్లే. నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరిగే పళ్లెం మీద అంత దగ్గరగా హెడ్ ఎగురుతుంటుంది. చిన్న కుదుపుకే అది పళ్లేన్ని గీరేయవచ్చు. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ అయితే, నిన్నటిదాకా బాగా నడిచి, ఏ శబ్దమూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోగలదు.

ఇమేజ్ తీశాం కదా అని నిశ్చింతగా ఉండటం కూడా ప్రమాదమే. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా పిక్సార్ స్టూడియోలో ఒక తప్పు ఆదేశంతో సినిమా ఫైళ్లు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ టేపులు బయటికి తీస్తే, అవి కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని తేలింది. చంటిబిడ్డ కోసం ఇంటి నుంచే పనిచేస్తున్న ఆ స్టూడియో ఉద్యోగి గేలిన్ సస్మన్ ఇంట్లోని కంప్యూటర్లో ఒక కాపీ ఉండబట్టి ఆ సినిమా గట్టెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవసరం రాకూడదంటే, తీసిన ఇమేజ్ తిరిగి దిగుతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఆ ఇమేజ్ ఉన్న డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటివి చొరబడితే తగిలించి ఉన్న డిస్కులను కూడా వదలవు.

కంప్యూటర్ కొత్తగా సర్దుకున్న రోజునే ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఇమేజ్ తీయండి. దాన్ని దించడానికి బూటయ్యే పెన్‌డ్రైవ్ ఒకటి చేసి, ఆ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేస్తుందో లేదో చూడండి. వీలైతే ఒక పాత డిస్కులోకి ఇమేజ్‌ను దించి సరిచూడండి. తర్వాత ఎక్స్‌టర్నల్ డిస్కునూ పెన్‌డ్రైవ్‌నూ కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో పెట్టండి.