ఘటమాలకు ఛార్జింగు

లాప్‌టాప్, చేతి డ్రిల్లు, విద్యుత్ సైకిలు మున్నగువాటిలో లిథియం అయాన్ ఘటాలను శ్రేణిలో కలిపి వాడుతారు. ఈ ఘటాలు 1991లో తొలిసారి విపణికి వచ్చాయి. వాటికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. సాధారణంగా ఒక ఘటం నిండినపుడు దాని వోల్టేజి 4.2 వోల్టులు, మూడు ఘటాల మాలకు 12.6 వోల్టులు. మరి 12.6 చేరగానే ఛార్జింగు ఆపితే సరిపోదా?

సరిపోదు. ఒకే రకపు ఘటాలలో కూడ స్వల్పభేదాలు ఉంటాయి. వాడినకొద్దీ అవి పెరుగుతాయి. ఒకటి 4.35, రెండవది 4.15, మూడవది 4.10 వోల్టుల వద్ద ఉన్నాయనుకుందాం. మొత్తం సరిగా 12.6! కాని మొదటిది హద్దు దాటింది. అట్టి ఘటంలో గ్రాఫైటు పలకపై లిథియం లోహరూపంలో పేరుకోవచ్చు, వేడి పుడుతుంది. లోపలి ద్రవం మండే స్వభావం కలది గనుక నిప్పు అంటుకోవచ్చు. కాబట్టి ప్రతి ఘటాన్నీ విడివిడిగా కనిపెట్టి ఉండాలి. ఈ పనికి మైక్రోకంట్రోలర్ తగినది.

ఆర్డుయినో ఊనో పలకపై ఉండే ఏటీమెగా 328 చిప్పు 5 వోల్టుల వరకు గల వోల్టేజిని 1024 మెట్లుగా కొలుస్తుంది. 12.6 వోల్టులు నేరుగా ఇస్తే అది పాడవుతుంది. కనుక రెండు నిరోధాలతో మూడవ వంతుకు తగ్గించాలి. అప్పుడు ఒక్కొక్క మెట్టు సుమారు 15 మిల్లీవోల్టులకు సమానం. ఘటం పై సంధి వోల్టేజినుండి క్రింది సంధి వోల్టేజిని తీసివేస్తే ఆ ఘటం వోల్టేజి వస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఒక నిరోధం విలువ 1 శాతం తేడాగా ఉంటే 12.6 వద్ద సుమారు 0.08 వోల్టు పొరపాటు వస్తుంది. ఘటానికి సాధారణంగా అనుమతించే తేడా 0.05 వోల్టు మాత్రమే! అందుచేత మంచి మల్టీమీటరుతో సరిచూచి, తగిన సవరణను ప్రోగ్రాములో చేర్చాలి.

2200 మిల్లీఆంపియర్ గంటల ఘటాలకు మొదట 1.1 ఆంపియర్ల స్థిరప్రవాహం ఇవ్వవచ్చు. ఏ ఒక్క ఘటమైనా 4.2 చేరగానే, అది హద్దు దాటకుండా ప్రవాహాన్ని క్రమంగా తగ్గించాలి. ప్రవాహం 100 మిల్లీఆంపియర్లకు దిగినపుడు ఆ ఘటానికి సమాంతరంగా 42 ఓముల నిరోధాన్ని కలిపితే, ప్రవాహమంతా నిరోధం గుండా పోతుంది. మిగిలినవి నిండుతూ ఉంటాయి. ఈ నిరోధంలో 0.42 వాట్ల వేడి పుడుతుంది గనుక 1 వాటు రకం వాడాలి. మూడూ నిండిన పిమ్మట ఛార్జింగును పూర్తిగా ఆపాలి. సీసపు బాటరీవలె లిథియం ఘటాలకు స్వల్పప్రవాహం ఎల్లప్పుడూ ఇస్తూ ఉండరాదు.

ప్రోగ్రాము మధ్యలో నిలిచిపోతే? అందుకే చిప్పుతో సంబంధం లేకుండా హద్దు వద్ద వలయాన్ని తెంచే రక్షణ పలక, ఫ్యూజు, ఉష్ణోగ్రతను తెలిపే థర్మిస్టరు తప్పక ఉండాలి.

పాఠశాలలో లిథియం ఘటాలతో ప్రారంభించనక్కరలేదు. మూడు టార్చి సెల్లులను శ్రేణిలో కలపండి. మొత్తం సుమారు 4.5 వోల్టులే గనుక చిప్పుతో నేరుగా కొలవవచ్చు. ఒక పాత సెల్లును నడుమ ఉంచి కొలిస్తే, మొత్తం దాచిన లోపాన్ని విడికొలత ఎట్లు బయటపెడుతుందో విద్యార్థులకు తేటపడుతుంది. ఈ సెల్లులను మాత్రం ఛార్జి చేయరాదు.