నమ్మేముందు సరిచూసుకో!

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, మన నేవీలో కూడా గిబ్స్ లాంటి డిటెక్టివ్‌లు ఉంటారా?" అని అడిగాడు. ఆత్తిపట్టులో ఈ పేరు ఎలా తెలిసిందిరా అంటే, వాళ్ల అన్నయ్య ఫోన్‌లో 'ఎన్‌సీఐఎస్' చూశాడట.

2003 సెప్టెంబరులో అమెరికాలోని సీబీఎస్ చానల్‌లో మొదలైన సీరియల్ అది. నావికులకు, మెరైన్ సైనికులకు సంబంధించిన నేరాలను గిబ్స్ బృందం పరిశోధిస్తుంది. ఆ పేరుతో నిజంగానే ఒక సంస్థ ఉంది. అందులోని పరిశోధకుల్లో ఎక్కువమంది సైనికులు కారు, మామూలు పౌర ఉద్యోగులే. మన దగ్గర పద్ధతి వేరు. పదాతి సైన్యానికి మిలిటరీ పోలీసు విభాగం ఉంది. నౌకాదళానికి 1957 నాటి నేవీ చట్టం ఉంది. కేసును బట్టి పోలీసులు, ఎన్‌ఐఏ కూడా దర్యాప్తు చేస్తారు.

పిల్లలకు విశాఖపట్నం కేసు చెప్పాను. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం అక్కడే ఉంది. 2019 డిసెంబరులో ఏడుగురు నావికులను, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసినట్లు ఆంధ్రప్రదేశ్ నిఘా విభాగం ప్రకటించింది. విశాఖ తీరంలోని కొండ పేరుమీద దానికి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయమైనవారికి ఓడల సమాచారం అందించారన్నది అభియోగం. ఆ నెలలోనే స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను నౌకాదళం నిషేధించింది. తర్వాత కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. 2020 జూన్‌లో 14 మందిపై అభియోగపత్రం దాఖలైంది.

"అయితే వాళ్లందరూ దోషులే కదా సార్?" అన్నారు పిల్లలు. నల్లబల్లమీద మూడు మాటలు రాశాను: అనుమానితుడు, నిందితుడు, దోషి. పోలీసులు సందేహించినవాడు మొదటివాడు, అభియోగం మోపినవాడు రెండోవాడు, కోర్టు తేల్చినవాడు మూడోవాడు. సీరియల్‌లో ఈ మూడు మెట్లూ ముప్పావుగంటలో అయిపోతాయి. నిజజీవితంలో ఏళ్లు పడుతుంది. ఆ రోజు తెలుగు పీరియడ్ అంతా ఈ మూడు మాటలతోనే గడిచింది. అయినా పాఠం వృథా కాలేదు.

గిబ్స్ తన బృందానికి నంబర్లు వేసి నియమాలు చెబుతుంటాడు. ఎవరేం చెప్పినా సరిచూసుకోకుండా నమ్మవద్దన్నది వాటిలో ఒకటి. అది చెప్పి తరగతి ముగించాను. బెల్ కొట్టాక ఒక అమ్మాయి ఆగిపోయింది. అమ్మ ఫోన్‌కు ఎవరో తెలియనివాళ్లు మెసేజ్ పెట్టి తన ఫోటో అడుగుతున్నారట. "ఇంట్లో చెబితే తిడతారు సార్, ఫోన్ లాక్కుంటారు" అంది. మెసేజ్‌కు భయపడినదానికంటే తిట్లకే ఎక్కువ భయపడిందా పిల్ల. వాళ్లమ్మను బడికి పిలిపించి, ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం.

తల్లిదండ్రులకు నా మనవి ఇదే. పిల్ల వచ్చి చెబితే ముందు వినండి, తర్వాత అడగండి. ఆ మెసేజ్‌కు జవాబివ్వవద్దు, చెరిపేయవద్దు. అదే రేపటి సాక్ష్యం. పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబర్లు ఉన్నాయి. ఫోన్‌లో క్రైమ్ సీరియల్ చూస్తుంటే ఒకపూట పక్కన కూర్చుని, "వాడే చేశాడని నీకెలా తెలుసు?" అని మన తెలుగులోనే అడిగి చూడండి. అలా అడగడం అలవాటైన పిల్ల ముక్కూమొహం తెలియనివాళ్ల మాట తేలిగ్గా నమ్మదు.