సంచి రేకు కింద తగిలించినారా?

ఊజీకి కట్టే నెసోలింక్స్ సంచుల గురించి రాయమని కొందరు అడిగినారు. నా షెడ్డులో జరిగిన తప్పుతోనే మొదలుపెడతాను.

మాది తిరుత్తణి పక్క పల్లె. కత్తిరి ఎండలు ముగిసినా జూన్‌లో ఇక్కడ సెగ తగ్గదు. తొలి వానలకు ఊజీ లేస్తుందని సంచులు తెప్పించినాను. తిరువళ్లూరులో వేరే పని ఉండి, మధ్యాహ్నమంతా అవి బండి డిక్కీలోనే ఉండిపోయినాయి. సాయంత్రం తెచ్చి రేకు కింద దూలానికి కట్టినాను. బయటికొచ్చిన కందిరీగలు చాలా తక్కువ. ఆ పంటలో గూళ్లకు బొక్కలు పడినాయి. సంచి ఇచ్చినోళ్లను తిట్టుకున్నాను గానీ తప్పు నాదే.

ఊజీ ఈగ 1980లో బెంగాల్ వైపు నుంచి కర్ణాటకకు వచ్చి, అక్కడి నుంచి మన దాకా పాకింది. పురుగు మీద గుడ్డు పెడుతుంది, నల్లమచ్చ పడుతుంది. దాని పిల్ల పురుగునో గూడునో తొలుచుకుని బయటపడి, నేల పగుళ్లలో, మూలల్లో ప్యూపా అవుతుంది. నెసోలింక్స్ వెతికేది ఆ ప్యూపానే. దాని పెంకుకు సూది పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. ఒక్క ప్యూపా నుంచి ఈగకు బదులు పదుల కొద్దీ కందిరీగలు వస్తాయి.

ఇప్పుడు ఎండ సంగతి. వేడి కొంచెం పెరిగితే కందిరీగ లోపల తొందరగా పెరుగుతుంది. రోజులు కలిసొచ్చినాయని సంతోషపడొద్దు. అట్లా పెరిగింది చిన్నగా ఉంటుంది, తక్కువ రోజులు బతుకుతుంది, గుడ్లూ తక్కువే. వేడి ఇంకా మించితే బయటికి రాకుండానే చస్తుంది. పైగా ఊజీ ప్యూపా నేల పగుల్లో చల్లగా ఉంటుంది, మన సంచేమో రేకు కింద ఉడుకుతుంది. కందిరీగ ముందే వచ్చేసి, ఊజీ ప్యూపా దొరికే లోపలే చచ్చిపోవచ్చు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. కందిరీగల్లో మగదానితో కలవని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, కానీ వాటిలో పుట్టేవన్నీ మగవే. ప్యూపా దశలో ఎండ తగిలిన మగవాటికి వీర్యం తగ్గిపోతుందని కొన్ని రకాల కందిరీగల్లో పరిశోధకులు చూసినారు. చూసేదానికి బాగానే తిరుగుతాయి, ఆడవాటితో కలుస్తాయి కూడా. కానీ తరువాతి తరంలో ఆడవి తగ్గిపోతాయి. ఊజీని పొడిచేది ఆడదే కదా!

ఇంత చిన్న జీవి ఏం చేస్తుందని మా పక్క తోట తమ్ముడు నవ్వుతాడు. పిండినల్లి మల్బరీని తెల్లగా కప్పేసిన రోజులు వాడికి గుర్తు చేసినాను. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి వదిలిన అసెరోఫేగస్ కందిరీగే కదా దాన్ని అణిచింది.

ఇప్పుడు నేను సంచులను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, లోపల తడి తగలకుండా తెస్తాను. పొద్దు గూకినాకే షెడ్డులో కడతాను, రేకుకు దూరంగా, చంద్రికల దగ్గర, నేలకు దగ్గరగా. చీమలు ఎక్కకుండా తాడుకు కొంచెం గ్రీసు పూస్తాను. పెద్ద పురుగులకు 24-26 డిగ్రీలు ఉండాలని గోనెపట్టాలు తడుపుతాం కదా, ఆ పట్టాల పక్కనే సంచి. గూళ్లు తీసినాక అవే సంచులను ఎరువు గుంత దగ్గర నీడలో పెడతాను. అక్కడ కూడా ఊజీ ప్యూపాలు ఉంటాయి.