గాలిమరల సామర్థ్యమెంత? ఇచ్చు విద్యుత్తెంత?

సబ్బవరమునకు దాపున, పరవాడయందు నెలకొన్న సింహాద్రి విద్యుత్కేంద్రపు సామర్థ్యము 2,000 మెగావాట్లు. మన రాష్ట్రమునందలి గాలిమరలన్నిటి సామర్థ్యమును కూడినచో 4,000 మెగావాట్లకు పైబడును. అట్లయిన గాలిమరలు సింహాద్రికి రెట్టింపు విద్యుత్తు నిచ్చుచున్నవా యని పంచాయతీ సభ్యులకు సందేహము కలుగుట సహజము. ఇచ్చుట లేదు. ఏలనో వివరింతుము.

మెగావాటు యంత్రపు సత్తువను తెలుపును గాని, అది చేసిన పనిని తెలుపదు. అనకాపల్లి ప్రాంతపు బెల్లపు గానుగ దినమునకు ఎంత చెరకు ఆడగలదో చెప్పినంత మాత్రమున, ఏడాదికి ఎంత బెల్లము దిగునో తేలదు గదా. చెరకు ఎన్నాళ్లు వచ్చెనో కూడ తెలియవలెను. గాలిమరకు గాలియే చెరకు.

ఒక మెగావాటు యంత్రము ఏడాదిలోని 8,760 గంటలును నిండు సత్తువతో పనిచేసినచో 87 లక్షల 60 వేల యూనిట్లు వచ్చును. మన రాష్ట్రపు గాలిమరలు సుమారుగా ఇందులో ఐదవవంతు మొదలు నాలుగవవంతు వరకు ఇచ్చును. ఆ చొప్పున 4,000 మెగావాట్లకు ఏటా రమారమి 700 నుండి 876 కోట్ల యూనిట్లు. సింహాద్రివంటి 2,000 మెగావాట్ల బొగ్గు కేంద్రము, తన సత్తువలో మూడింట రెండువంతులే పనిచేసినదనుకొన్నను, 1,168 కోట్ల యూనిట్లు వచ్చును.

నాలుగవవంతు అనగా మర తక్కిన కాలమంతయు ఆగియుండునని కొందరు తలంచుచున్నారు. అది సరికాదు. మర చాలగంటలు తిరుగుచునే యుండును. కాని నిండుగా పనిచేయదు. గాలి వేగము సగమైనచో దానియందలి శక్తి సగము కాదు, ఎనిమిదవవంతునకు పడిపోవును. సాధారణముగా గంటకు 11 కిలోమీటర్ల గాలికి మర విద్యుత్తు నిచ్చుట ఆరంభించును. నిండు సత్తువకు 43 కిలోమీటర్ల వేగము కావలెను. 21 కిలోమీటర్ల గాలికి ఱెక్కలు చక్కగా తిరుగుచున్నట్లే కనబడును. వచ్చునది మాత్రము స్వల్పము. గాలి మితిమీరినను లాభము లేదు. 90 కిలోమీటర్లు దాటినచో మరను రక్షించుటకై ఆపివేయుదురు. 2014 అక్టోబరు 12న విశాఖతీరమును తాకిన హుద్‌హుద్ తుపానుగాలి సుమారు 180 కిలోమీటర్లది. అట్టి గాలినుండి ఒక్క యూనిటైనను రాబట్టలేము!

మరి ఋతువుల మాట. మన గాలిమరలలో అధికభాగము అనంతపురము, కర్నూలు, కడప ప్రాంతపు మెట్టలపై గలవు. రామగిరి కొండలపై 1990 దశకముననే మరలు వెలసినవి. అచట నైరుతి ఋతుపవనములు వీచు జూన్ నుండి సెప్టెంబరు వరకు వచ్చు విద్యుత్తే ఏడాది మొత్తములో సగమునకు మించును. తక్కిన నెలలలో గాలి సన్నగిల్లినపుడు బొగ్గు కేంద్రములును జలవిద్యుత్కేంద్రములును ఆ లోటు తీర్పవలెను.

గాలిమరలు పనికిరానివని మా అభిప్రాయము కాదు. వానికి బొగ్గు అక్కరలేదు, బూడిద మిగులదు. ఆ 700 కోట్ల యూనిట్లు చిన్న సొత్తు కాదు. కాని మెగావాట్లను చూపి ఇన్ని వేల ఇండ్లకు దీపములనుట తొందరపాటు.

సముద్రపుగాలి యుండగా మనకేల మరలు రావని ఈ ప్రాంతమువారు అడుగుదురు. పగటిపూట కొన్ని గంటలు వీచు గాలి చాలదు. ఎత్తైన స్తంభముపై కొలమానముల నమర్చి, కనీసము ఏడాదిపాటు కొలిచినగాని ఒక తావు యోగ్యత తెలియదు. కావున ఎవరైనను మీ గ్రామభూములను గాలిమరలకై కోరి, తీర్మానము చేయుమన్నచో, మెగావాట్లతో తృప్తిపడక, ఏటా ఎన్ని యూనిట్లు రాగలవో అడుగుడు. గాలిని ఎంత ఎత్తున, ఎన్ని నెలలు కొలిచిరో వ్రాతమూలకముగా తెలుపుమనుడు. ఆ యూనిట్లు మరవద్ద లెక్కించినవా, దారిలోని నష్టములు పోగా సబ్‌స్టేషను మీటరులో తేలునవా యనునది కూడ అడుగుట మరువరాదు.