కొలిమి లేని గాజు

చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో జొన్న చొప్ప కోసినవాళ్ల ముంజేతులు చూడండి, సన్నటి గీతలు కనిపిస్తాయి. అంత పచ్చని ఆకుకు ఆ గరుకు ఎక్కడిది? సిలికాది. ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థమే అది. నేలలోని నీటిలో కొద్దిగా కరిగి ఉండే సిలిసిక్ ఆమ్లాన్ని వేళ్లు పీల్చుకుంటాయి. మొక్క దాన్ని ఆకుల్లో గట్టి రేణువులుగా పేరుస్తుంది.

ఇసుకను కరిగించాలంటే సుమారు 1,700 డిగ్రీల వేడి కావాలి. జొన్న మొక్క దేన్నీ కరిగించదు, అప్పటికే నీటిలో కరిగి ఉన్నదాన్ని గట్టిపరుస్తుంది. ఈ పని చేసే ప్రోటీన్ ఒకటి జొన్న ఆకులో ఉందని, దాని పేరు సిలిప్లాంట్1 అని జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలోని సంతోష్ కుమార్, రివ్కా ఎల్బామ్ బృందం 2020లో వెల్లడించింది. మనం తరతరాలుగా రొట్టెలు చేసుకు తింటున్న పంటలో ఇంత పనితనం ఉందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గండిపేట నీళ్లలోనూ ఇదే పని జరుగుతోంది. చెరువు రాళ్ల మీద కాలు జారేలా చేసే గోధుమరంగు పూతలో డయాటమ్‌లు ఉంటాయి. కంటికి ఆనని ఈ ఏకకణ జీవులు గాజు పెంకులు కట్టుకుని బతుకుతాయి. జర్మనీలోని రీగెన్స్‌బర్గ్‌లో నీల్స్ క్రోగర్, మాన్‌ఫ్రెడ్ సుంపర్, వారి సహచరులు ఒక సముద్రపు డయాటమ్ పెంకుల నుంచి కొన్ని పెప్టైడ్‌లను వేరుచేసి, 1999లో ఆ వివరాలు ప్రకటించారు. వాటికి సిలాఫిన్‌లని పేరు పెట్టారు. సిలిసిక్ ఆమ్ల ద్రావణంలో వాటిని కలిపితే క్షణాల్లో సిలికా గోళీలు ఏర్పడ్డాయి.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న దండ. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఆర్5 అనే దండలో 19 పూసలుంటాయి. వాటిలో లైసిన్, ఆర్జినిన్ పూసలకు ధనావేశం ఉంటుంది. రెండు సిలిసిక్ ఆమ్ల అణువులు కలిస్తే ఒక నీటి అణువు విడిపోతుంది, వాటి మధ్య ఆక్సిజన్ వంతెన పడుతుంది. అలా పెరిగే సిలికా తునకలకు ఉండేది రుణావేశం కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పెప్టైడ్ దండలు గుంపుగా చేరి వాటిని దగ్గరికి లాగుతాయి, చివరికి తామూ ఆ గోళీలోనే చిక్కుకుపోతాయి.

జీవసాంకేతిక రంగానికి పనికొచ్చింది ఈ చిక్కుకుపోవడమే. ఎంజైములు సున్నితమైనవి, వేడికీ ఆమ్లానికీ పాడైపోతాయి. ఇక్కడ ఆ రెండూ అక్కర్లేదు. అమెరికా వైమానిక దళ పరిశోధనశాలకు చెందిన లకరిఫ్ట్, స్పెయిన్, నాయక్, స్టోన్ 2004లో బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కలిపి ఇలా సిలికా చేశారు. 90 శాతం ఎంజైము గోళీల్లో బందీ అయింది, అయినా దాని చురుకు తగ్గలేదు. విడిగా ఉన్న ఎంజైముకన్నా ఎక్కువ కాలం నిలిచింది కూడా. ఆ గోళీలను గొట్టంలో నింపి ద్రావణం పారిస్తే చాలు, అవి అక్కడే ఉండి పని చేస్తాయి. ఎంజైమును ప్రతిసారీ పారబోయక్కర్లేదు.

కూరగాయలు పండించే చేవెళ్ల రైతుకు ఈ ఎంజైము పరాయిదేమీ కాదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దెబ్బతీసేది ఇదే కుటుంబపు ఎంజైములను. టమాటా కడిగిన నీటిలో మందు ఆనవాలు ఉంటే ఎంజైము పని మందగిస్తుంది, ఆ మందగింపును కొలిస్తే మందు బయటపడుతుంది. ఇలాంటి పరీక్షకు చెడిపోకుండా నిలిచే ఎంజైము కావాలి.

కొలిమి పూర్తిగా తప్పిందని మాత్రం నేననను. ప్రయోగశాలలో తరచూ వాడే ముడిసరుకు టెట్రామిథైల్ ఆర్థోసిలికేట్, దాని ఆవిరి కళ్లకు ప్రమాదం. చవకైన సోడియం సిలికేట్ వాడదామంటే, దాన్ని ఇసుక, సోడా బూడిద కలిపి కొలిమిలో కరిగించే చేస్తారు. అందుకే నా చూపు రైసు మిల్లుల వెనక పోగుపడే ఊక బూడిద మీద ఉంది. అందులో అధిక భాగం సిలికాయే. దాన్ని వరి మొక్క ఎప్పుడో నేలలోంచి తోడి సిద్ధం చేసి పెట్టింది.