పాత కారుకు పరీక్ష

చిన్నకారును మన దేశంలో మధ్యతరగతి ఇళ్లకు తెచ్చిన బండి మారుతి 800. ఇది 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దీని తయారీ ఆగిపోయింది. కనుక నేడు చేతులు మారే ప్రతి మారుతి 800 వయసూ పదేళ్లు దాటిందన్నమాట. మీ ఇంట్లో అలాంటి బండి కొనాలనుకున్నారనుకోండి. కొత్త రంగు పూసి మెరిపించిన బండిలో బలమెంతో, లోపమెంతో తెలిసేదెలా? మీ సైన్సు పాఠాలే ఇందుకు సాయపడతాయి.

ముందు బలం చూద్దాం. ఖాళీ బండి బరువు సుమారు 650 కిలోలే. ద్రవ్యరాశి తక్కువైతే అంతే త్వరణానికి తక్కువ బలం చాలునని న్యూటను రెండవ నియమం చెబుతుంది గదా! అందుకే 796 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, మూడే మూడు సిలిండర్లతో దీన్ని చక్కగా లాగుతుంది. పెట్రోలూ తక్కువే తాగుతుంది.

ఇక ఇంజను ఆరోగ్యం. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడెక్కించిన ఇంజను తన జబ్బులు కొన్నిటిని దాచుకుంటుంది. బానెట్టు మీద చెయ్యి పెడితే ఆ సంగతి తెలిసిపోతుంది. తరువాత పొగ రంగు గమనించండి. పెట్రోలు హైడ్రోకార్బన్ల మిశ్రమం. అది మండితే కార్బన్ డయాక్సైడు, నీరు వస్తాయి. మొదట కనిపించి కాసేపటికి మాయమయ్యే పలుచని తెల్లని ఆవిరి ఆ నీరే. భయం లేదు. నల్లపొగ వస్తే, గాలి చాలక కార్బను పూర్తిగా మండలేదని అర్థం. ఇది తరచు చిన్న మరమ్మతుతో పోతుంది. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందన్నమాట. పిస్టను రింగులు అరిగి ఉండవచ్చు. ఇది పెద్ద ఖర్చు. ఇంజను వేడెక్కాక కూడా చిక్కని తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరు నీరు సిలిండరులోకి చేరుతోందేమోనని అనుమానించాలి.

మూడవది తుప్పు. ఇనుము కంటే దాని తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే లోపల తుప్పు పట్టినచోట రంగు పొక్కులు లేస్తుంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఈ చర్య వేగంగా జరుగుతుంది. తుప్పు తిన్న చోటును పుట్టీతో పూడ్చి రంగు వేస్తే కంటికి కనిపించదు. ఒక అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి రేకుమీద జరపండి. రేకుకు అంటుకుంటుంది, మందమైన పుట్టీమీద పట్టు తప్పుతుంది. ఈ కారుకు లారీకి ఉన్నట్టు వేరే చట్రం లేదు. ఒంటి రేకులే బరువు మోస్తాయి. కనుక తలుపు అంచున తుప్పు కంటే అడుగు రేకుకు పట్టిన తుప్పు ఎంతో ప్రమాదం.

చివరిది, ఏ మెకానిక్కూ బాగుచేయలేని లోపం. నలుగురు ఎక్కిన ఈ కారు 900 కిలోలు, ఎదురుగా వచ్చే లారీ 9,000 కిలోలు అనుకుందాం. రెండూ ఢీకొంటే, ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం కారు వేగంలో మార్పు లారీ వేగంలో మార్పుకు 10 రెట్లు ఉంటుంది. ఆ కుదుపు లోపలివారి శరీరాలే భరించాలి. ఈ కారులో ఎయిర్‌బ్యాగులు కూడా లేవు. చూశారా, పెట్రోలు ఆదా చేసిన తేలికదనమే ఇక్కడ లోపమైంది!

కనుక ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. టైర్లు, బ్యాటరీ, బ్రేకు లైనింగుల వంటి అరుగుదల మొదటి గడిలో రాయండి. అవి మార్చుకోదగినవి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగవచ్చు. నీలిపొగ రెండవ గడిలో రాయండి. మెకానిక్కు చేత లెక్క కట్టించాకే బేరం. అడుగు తుప్పు, రక్షణ లేమి మూడవ గడిలోవి. అడుగు పుచ్చిన బండిని ఎంత చవకైనా వదిలేయాలి. రక్షణ లేమి మాత్రం ఈ రకం బండ్లన్నిటికీ ఉన్నదే. కొన్నవారు ఊళ్లో నెమ్మదిగా, సీటు బెల్టు పెట్టుకొని నడపాలి. రోజూ లారీలు తిరిగే హైవేమీద ప్రయాణించే కుటుంబానికి మాత్రం ఈ బండి తగదు.